నంబరు లేని బనీను

ఫారంలో మూడో గడి దగ్గర పీడీ సారు పెన్ను ఆగిపోయింది.

"పేరు రాశాను. పుట్టిన తేదీ రాశాను. ఇక్కడ 'ఈ ఏడాది కొట్టిన గోల్స్' అని అడిగారు. ఏం రాయమంటావు? నువ్వే చెప్పు."

బల్లకి ఇవతల నిలబడ్డ అమ్మాయి చేతులు వెనక్కి కట్టుకుంది. కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో వెనక వరసలో మధ్యన ఆడుతుంది ఆమె. గోల్‌కీపరు ముందు ఆఖరి అడ్డం. మొదటి ఏడాది ఏదో మ్యాచిలో గట్టు మీద కూర్చున్నవాళ్ళెవరో "గడియ పడిందిరా, ఇంక లోపలికెవరూ పోలేరు!" అని అరిచారు. ఆ పేరే ఉండిపోయింది. హాజరు పిలిచే లెక్చరర్లు కూడా ఒక్కోసారి నోరుజారి గడియా అంటారు.

"సున్నా సార్," అంది గడియ.

"సున్నా అని రాసి కింద నేను సంతకం పెడితే నన్ను చూసి నవ్వరూ?"

"మన మీద పడిన గోల్స్ ఎన్నో రాయడానికి గడి లేదా సార్? పద్నాలుగు మ్యాచుల్లో మూడే పడ్డాయి."

"లేదమ్మా. ఉంటే రాయనా?"

సారు చెడ్డవాడు కాదు. ఆమె మోకాలు వాచినప్పుడు తన స్కూటరు మీద ఆస్పత్రికి తీసుకెళ్ళినవాడే. కానీ జీతమిచ్చి ఆడించే పెద్ద క్లబ్బు మొదటిసారి ఈ కాలేజీకి ఉత్తరం రాసింది. అయిదుగురి పేర్లు అడిగింది. ఇరవైరెండు గోల్స్ కొట్టిన, అందరూ రాకెట్ అని పిలిచే అమ్మాయి పేరు పైన రాసేశాడు. తొమ్మిది కొట్టినమ్మాయి, ఆరు కొట్టినమ్మాయి, అలా దిగుతూ వచ్చి ఒక్క గోలు కొట్టినమ్మాయి దగ్గర జాబితా నిండిపోయింది. గడియ ఫారాన్ని వెనక్కి తిప్పి, ఆ తెల్ల వైపున స్టోర్‌రూములో ఉన్న బంతుల లెక్క రాసుకోవడం మొదలుపెట్టాడు.

ఆమె తలుపు దాకా వెళ్ళాక పిలిచాడు.

"ఇంకో మాట. వచ్చే ఫార్వర్డ్‌లకి ఎదురాడ్డానికి డిఫెండర్లు కావాలట. కాలేజీకి ఒకరిని పంపమన్నారు. సెలెక్షన్‌కి కాదు, ఊరికే సాయానికి. మూడు రోజులు. భోజనం పెడతారు. వెళ్తావా?"

వెళ్ళనని నోటిదాకా వచ్చింది. ఆ క్లబ్బు మైదానంలో గడ్డి ఎలా ఉంటుందో ఫొటోల్లో చూసింది. "వెళ్తాను సార్," అంది.

ఇంట్లో చెప్తే అమ్మ భగ్గుమంది. అమ్మ ఆస్పత్రిలో నర్సు. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి, బకెట్లో వేణ్ణీళ్ళు పోసుకుని పాదాలు ముంచుకుని కూర్చుంది.

"వాళ్ళని పెళ్ళికూతుళ్ళని చేసి, నిన్ను కుర్చీలు మొయ్యడానికి పిలిచారన్నమాట."

"ఆట ఆటేగా అమ్మా."

"నాకు చెప్పకు. వార్డులో రాత్రంతా మేం చూసుకుంటాం. పొద్దున పెద్ద డాక్టరుగారు వచ్చి రెండు నిమిషాలు నిలబడితే పూలగుత్తి ఆయనకి." పాదాలు బయటికి తీసి తుడుచుకుంది. కాసేపయ్యాక తనే లేచి, గడియ మోకాలికి చుట్టుకునే పట్టీ ఉతికి తీగ మీద ఆరేసింది.

మొదటి రోజు ట్రయల్స్‌కి వచ్చినవాళ్ళకి ఎర్ర బనీన్లిచ్చారు. వాటి మీద నంబర్లు. రాకెట్‌కి తొమ్మిది వచ్చింది. అది చూసుకుని మురిసిపోతూ అద్దం లేక గడియనే అద్దం చేసుకుంది. "వెనక సరిగ్గా కనిపిస్తోందా? ముడతలున్నాయా?" గడియ ఆ బనీను అంచు పట్టుకుని కిందికి లాగి సర్దింది. ఇద్దరూ మూడేళ్ళుగా ఒకే బస్సులో వచ్చి ఒకే బస్సులో పోతున్నారు.

సాయానికి వచ్చినవాళ్ళవి పసుపు బనీన్లు. వాటికి నంబర్లు లేవు.

కోచ్ మేడంకి యాభై ఏళ్ళుంటాయి. ఒకప్పుడు తనూ ఆడిన మనిషి. ఇప్పుడు కుడి మోకాలు వంగదు. మడత కుర్చీ ఒకటి చంకలో పెట్టుకుని మైదానమంతా తిరుగుతుంది. ఎక్కడ బుద్ధి పుడితే అక్కడ వేసుకుని కూర్చుంటుంది. బంతి ఎటు పోతే అందరి తలలూ అటు తిరుగుతాయి. ఆవిడ తల మాత్రం బంతి లేని వైపుకే ఉంటుంది.

పసుపు వెనక వరసలో నలుగురు. గడియకి కుడి పక్కన పొద్దున్నే బేకరీలో ట్రేలు మోసి వచ్చిన అమ్మాయి, ఆ పక్కన వ్యాయామ టీచరు ట్రైనింగులో ఉన్నావిడ. ఎడమ పక్కన ఎవరికి తగిలినా "సారీ" అనే సన్నపాటి అమ్మాయి. ఒకరి ఆట ఒకరికి తెలియదు. ఒకరు ముందుకొస్తే ఇంకొకరు వెనక ఉండిపోయేవారు. ఎర్రవాళ్ళు ఆ సందుల్లోంచి దూరి గంటలో ఆరు గోల్స్ కొట్టారు. అందులో మూడు రాకెట్‌వే. గట్టు మీద పీడీ సారు చప్పట్లు కొడుతూనే ఉన్నాడు.

"మనం దిష్టిబొమ్మలం," అంది బేకరీ అమ్మాయి, నీళ్ళు తాగుతూ. "నిలబడితే చాలు. భోజనంలో గుడ్డు పెడతారో లేదో కనుక్కో."

గడియకి నవ్వు వచ్చింది గానీ లోపల ఎక్కడో మండింది. ఆరు గోల్స్! కాలేజీలో ఏడాదంతా కలిపి మూడు.

ఆట అయ్యాక ఎర్రవాళ్ళు స్నానాలకి పోయారు. సున్నపు గీతలు గీసే ముసలాయన తన తాడు చుట్టుకుంటున్నాడు. గడియ వెళ్ళి అడిగింది.

"తాతా, ఆ తాడు అరగంట ఇస్తావా?"

"ఎవరిని కట్టేస్తావేంటి?"

"మమ్మల్నే."

నలుగురి నడుములకీ ఆ ఒక్క తాడే కట్టింది. మనిషికీ మనిషికీ మధ్య ఎనిమిది అడుగుల దూరం. "నేను 'ముందుకు' అంటే అందరం ముందుకి. 'వెనక్కి' అంటే వెనక్కి. తాడు బిగుసుకుంటే ఎవరో ఆలస్యమయ్యారని లెక్క." మొదటి పిలుపుకే తాడు జర్రున లాగింది, సన్నపాటి అమ్మాయి బోర్లా పడి, లేస్తూ తాడుకి కూడా సారీ చెప్పింది. ట్రైనింగావిడ పడీ పడీ నవ్వింది. పదోసారికి తాడు నేలని తాకుతూ వదులుగా ఊగింది. ఇరవయ్యోసారికి గడియ అరిచేలోపే నాలుగు కుడి కాళ్ళూ లేస్తున్నాయి.

"చూడు, నువ్వు మంచిదానివి," అని సన్నపాటి అమ్మాయితో అంది గడియ. "నీ ఎడమ కాలు బంగారం. కానీ బంతి తీసుకున్నాక సారీ అంటావు చూశావా, ఆ టైములో వాళ్ళు మళ్ళీ లాక్కుంటున్నారు. ఇంటికెళ్ళాక చెప్పుకో సారీలన్నీ."

గట్టు అవతల మడత కుర్చీ ఒకటి అప్పటిదాకా అక్కడే ఉందని వాళ్ళెవరూ చూడలేదు.

రెండో రోజు ఎర్రవాళ్ళకి ఊపిరాడలేదు. రాకెట్ ఎప్పటిలాగే పసుపు వరస వెనక్కి దూసుకుపోవాలని చూసేది. సరిగ్గా బంతి వదిలే క్షణంలో గడియ గొంతు మోగేది: "ముందుకు!" నలుగురూ ఒక్క అడుగు ముందుకు వేసేవారు. రాకెట్ ఒక్కతే వాళ్ళ వెనక, గోలు ముందు, ఒంటరిగా మిగిలిపోయేది. గీత పక్కన జెండా లేచేది. ఆఫ్‌సైడ్, బంతి తన్నేసరికే డిఫెండర్ల వరస దాటి నిలబడితే తప్పు. మళ్ళీ పరుగు, మళ్ళీ అరుపు, మళ్ళీ జెండా. పన్నెండుసార్లు లేచింది జెండా ఆ ఉదయం. గోలు ఒక్కటే పడింది, అది కూడా బేకరీ అమ్మాయి కాలికి తగిలి దారి మళ్ళి.

ఆఖరి విజిలుకి సన్నపాటి అమ్మాయి రెండు పిడికిళ్ళూ బిగించి ఆకాశంలోకి ఎగిరింది. "ఒక్క సారీ కూడా చెప్పలేదు!" అంది గడియ చెవిలో.

పీడీ సారు చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏంటమ్మా ఇది? నిన్నెందుకు తీసుకొచ్చాను? మన పిల్లల్ని నాలుగు గోల్స్ కొట్టనియ్యాలి గదా. చూసేవాళ్ళు చూస్తున్నారు. రేపే ఆఖరు."

"ఆడమన్నారు సార్. ఆడాను."

"మరీ అంత పట్టుగా ఎందుకు? నీకిందులో వచ్చేదేముంది చెప్పు?"

గడియ బూట్లకి అంటిన మట్టిని మెట్టు అంచుకేసి కొట్టింది.

బస్సులో రాకెట్ ఆ రోజు గడియ పక్కన కూర్చోలేదు. ముందు సీట్లో కూర్చుంది. దిగే స్టాపుకి రెండు స్టాపుల ముందు లేచి వచ్చి, పైన కడ్డీ పట్టుకుని నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నిన్నెప్పుడైనా ఏమైనా అడిగానా?"

"లేదు."

"రేపు రెండంటే రెండు వదిలెయ్యవే. నీకేమీ పోదు. నా జీవితం నిలబడుతుంది."

బస్సు కుదుపుకి ఇద్దరి భుజాలూ తగిలాయి. గడియ కిటికీలోంచి చూస్తూ "ఆలోచిస్తా" అంది. ఆ మాట అన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. కుదరదు అని చెప్పినా అంతే అసహ్యం వేసేదేమో.

ఇంటికి పోబుద్ధి కాలేదు. నాన్న పని చేస్తున్న భవనం దారిలోనే ఉంది. నాన్న లిఫ్టుల మెకానిక్కు. లిఫ్టు ఆపేసి ఉంది కాబట్టి ఎనిమిది అంతస్తులూ మెట్లెక్కింది. పైన యంత్రం గదిలో నాన్న నేల మీద బాసింపట్టు వేసుకుని, ఇనుప తాళ్ళ పోగుల్ని గుడ్డతో ఒక్కొక్క జానెడే తుడుస్తున్నాడు. తెగిన పోగుంటే గుడ్డకి పట్టుకుంటుంది. అలా పట్టుకుందేమోనని వేలితో తడిమి చూసి, మళ్ళీ జానెడు కిందికి జరుపుతున్నాడు.

"ఓడిపోయారా?" అన్నాడు ఆమె మొహం చూసి.

"గెలిచాం. అదే వచ్చిన చిక్కు."

అంతా చెప్పింది. నాన్న పని ఆపలేదు. విన్నాక గుడ్డ దులిపి అడిగాడు.

"అంత వేగంగా పరిగెత్తే పిల్ల నీకు పన్నెండుసార్లు ఎలా దొరికిపోయింది?"

"దానికో అలవాటుంది నాన్నా. పరుగు మొదలుపెట్టే ముందు కుడి భుజం కాస్త దించుతుంది. దానిక్కూడా తెలీదు. నేనది చూస్తాను."

"అయితే నిన్ను దాటాలంటే ఏం చెయ్యాలి?"

"చాలా తేలిక." గడియ నేల మీదున్న నాలుగు నట్లు తీసి వరసగా పెట్టింది. "ఇది మా వరస." ఒక చిన్న బోల్టు తీసి వాటి ముందు పెట్టింది. "ఇది రాకెట్. భుజం దించాలి గానీ పరిగెత్తకూడదు. దించింది చూసి నేను 'ముందుకు' అంటాను. మేం అడుగు ముందుకు వేస్తుండగా అప్పుడు మొదలుపెట్టాలి. మేం ఇటొస్తుంటాం, అది అటు పోతుంది. మేం ఆగి వెనక్కి తిరిగేసరికి దానికి నాలుగు గజాల..."

బోల్టు పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

నాన్న తాళ్ళ వైపు తిరిగి జానెడు కిందికి జరిపాడు. కాసేపటికి, "ఆ నట్లు నాలుగూ డబ్బాలో వెయ్యి. ఒక్కటి తగ్గినా నాకు నిద్రపట్టదు," అన్నాడు.

మూడో రోజు ఆట తొమ్మిదింటికి. గడియ ఏడింటికే రాకెట్ వాళ్ళింటి గుమ్మం ముందు నిలబడింది. రాకెట్ పళ్ళు తోముకుంటూ బయటికొచ్చి, నోట్లో నురగతోనే కళ్ళు పెద్దవి చేసింది.

"వదిలేస్తావా?"

"వదలను. బూట్లు తొడుక్కుని రా."

ఇంటి వెనక ఖాళీ స్థలంలో గంటసేపు నేర్పించింది. మొదట భుజం సంగతి చెప్తే రాకెట్ నమ్మలేదు. "నేనా? భుజమా?" అంది. గోడ మీద పడే నీడ చూపిస్తూ పరిగెత్తించాక నమ్మక తప్పలేదు. తరవాత కోపం వచ్చింది.

"మూడేళ్ళుగా తెలుసా నీకు? చెప్పలేదేం?"

"మనిద్దరం ఒకే జట్టు గదా. ప్రాక్టీసులో నిన్ను ఆపడానికి నాకు పనికొచ్చేది." గడియ కాస్త సిగ్గుపడింది. "అది తప్పే. ఇప్పుడు విను. కొన్నిసార్లు దించి పరిగెత్తు. కొన్నిసార్లు దించి ఆగు. ఏది నిజమో ఏది నాటకమో నాక్కూడా తెలియకూడదు."

"ఇదంతా నాకెందుకు చెప్తున్నావే? ఇవాళ గోలు పడితే నీ మీదేగా పడేది."

"పడనివ్వనుగా," అంది గడియ. "ఆపుతాను. ఆపలేకపోతే అది నీ గోలు. నేనిచ్చింది కాదు."

తొమ్మిదింటికి ఆట మొదలయ్యాక అరగంట దాకా గోలు లేదు. రాకెట్ భుజం దించింది, పరిగెత్తింది, గడియ పట్టేసింది. దించింది, ఆగింది, గడియ తొందరపడలేదు. మళ్ళీ దించింది, పరిగెత్తింది, జెండా లేచింది. గట్టు మీద పీడీ సారు తల పట్టుకున్నాడు. గడియకి మాత్రం ఒళ్ళంతా కళ్ళయినట్టుంది. ఇంత కష్టమైన ఆట ఆమె ఎప్పుడూ ఆడలేదు. ప్రతిసారీ సగం తెలిసి సగం తెలియక నిర్ణయించుకోవాలి, ఆ నిర్ణయం నలుగురి కాళ్ళకీ ఒక్క అరుపులో అందాలి.

నలభయ్యో నిమిషంలో మధ్య గీత దగ్గర ఎర్ర బనీను ఒకటి బంతి ఆపి తల ఎత్తింది. రాకెట్ భుజం దిగింది. ఈసారి నిజమే అనుకుంది గడియ.

"ముందుకు!"

నలుగురూ కదిలారు. రాకెట్ కదల్లేదు. ఆ అడుగు నేలకి ఆనే లోపల బంతి వాళ్ళ తలల మీదుగా వచ్చింది, రాకెట్ అప్పుడు వాళ్ళ పక్కనుంచి గాలిలా పోయింది. జెండా లేవలేదు. గడియ తిరిగి ప్రాణం పెట్టి పరిగెత్తింది. చివర్లో నేల మీదికి జారి కాలు చాచింది కూడా. వేలెడు దూరంలో తప్పిపోయింది. వల ఊగింది.

గడ్డిలో బోర్లా పడుకునే తల ఎత్తి చూసింది. రాకెట్ చేతులు చాపుకుని తన వాళ్ళ వైపు కాక వెనక్కి, ఇటే పరిగెత్తుకొస్తోంది. వచ్చి మీద పడింది. ఎర్ర బనీనూ పసుపు బనీనూ మట్టిలో దొర్లుతుంటే రెండు వైపులవాళ్ళూ తెల్లబోయి చూశారు.

"దిగు, ఊపిరాడట్లేదు," అంది గడియ నవ్వుతూ. "ఇంకోటి కొట్టు చూద్దాం."

ఇంకోటి పడలేదు. రాకెట్ ఇంకో రెండుసార్లు ఆ ఎత్తే వేసింది, రెండుసార్లూ గడియ బంతిని శుభ్రంగా కాలితో తీసేసుకుంది.

ఆట అయ్యాక అందరినీ వరసగా నిలబెట్టి కోచ్ మేడం నంబర్లు చదివింది. నాలుగే చదివింది. మూడోది తొమ్మిది. రాకెట్ రెండు చేతులతో నోరు మూసుకుంది. పీడీ సారు గట్టు దిగి పరిగెత్తుకొచ్చాడు. మేడం ఆయన చెయ్యి అందుకోకుండా రాకెట్‌నే చూస్తోంది.

"నిన్నటిదాకా నీ పరుగు ఎవరైనా చదివేసేలా ఉంది. రాత్రికి రాత్రి ఏమైంది?"

రాకెట్ వెనక్కి తిరిగి గడియని చూపించింది. "అది నేర్పింది మేడం. పొద్దున ఏడింటికి ఇంటికొచ్చి మరీ."

"ఎదురు ఆడే మనిషా?"

"అవును మేడం."

మేడం కుర్చీ మడిచి చంకలో పెట్టుకుంది. నెమ్మదిగా పసుపు బనీన్ల దగ్గరికి కుంటుకుంటూ వచ్చింది. గడియ అప్పటికే బూటు తాళ్ళు విప్పుకుంటోంది. గబుక్కున లేచి నిలబడింది.

"మొన్న సాయంత్రం తాడు కట్టి ఆడించింది నువ్వే కదూ. ఎవరు నేర్పారు నీకది?"

"ఎవరూ నేర్పలేదు మేడం. మాటలతో చెప్పే టైము లేదని..."

"డిఫెండర్లని చూడ్డానికి వచ్చే నెల పెట్టుకున్నాను. నీకోసం ఆగక్కర్లేదనిపిస్తోంది. రెండేళ్ళ కాంట్రాక్టు ఇస్తాను, పెద్ద జట్టుకి ఆడు." ఆవిడ ఊపిరి తీసుకుంది, నిలబడి మాట్లాడితే మోకాలు నొప్పి. "ఇంకోటి కూడా ఉంది. మా దగ్గర పదహారేళ్ళలోపు ఆడపిల్లల జట్టుంది. కోచ్ లేక నాలుగు నెలలయింది. సాయంత్రాలు నువ్వు చూసుకోవాలి. ఆ కోచింగు పరీక్షలకి ఖర్చు క్లబ్బుదే. ఆడేవాళ్ళు నాకు దొరుకుతారు. తనని దాటే దారి ఎదుటివాళ్ళకి నేర్పి, ఆ తరవాత కూడా దాటనివ్వని మనిషి ఇన్నేళ్ళలో దొరకలేదు."

గడియ పక్కకి చూసింది.

"మేడం, ఈ అమ్మాయి ఎడమ కాలు చూశారా? బేకరీ అమ్మాయి తలతో కొడితే బంతి సగం మైదానం దాటుతుంది. ట్రైనింగావిడ..."

"చూశాను, చూశాను. ముగ్గుర్నీ వచ్చే నెల రమ్మను. అప్పుడే కోచ్‌వైపోయావా?" మేడం మొదటిసారి నవ్వింది. సన్నపాటి అమ్మాయి ఆనందం పట్టలేక మేడంకి సారీ చెప్పేసింది.

పీడీ సారు కాస్త దూరంలో నిలబడిపోయాడు. గడియ దగ్గరికి వచ్చి, జేబురుమాలు ఇటూ అటూ మార్చుకున్నాడు. "నేను సరిగ్గా చూడలేదమ్మా," అన్నాడు. ఆ ఒక్క మాటే అన్నాడు. ఆయన మొహం చూస్తే అది ఊరికే అన్న మాట కాదని తెలిసింది. గడియ తల ఊపింది.

అమ్మకి ఫోను చేస్తే వార్డులో ఉంది. సంగతి విని ఫోను పక్కకి తీసి, "మా అమ్మాయి!" అని వార్డంతా వినబడేలా చెప్పింది. రోగుల్లో ఎవరో చప్పట్లు కొట్టడం వినిపించింది.

"సంబరాలు తరవాత," అంది మేడం. "పెద్ద జట్టు ప్రాక్టీసు పదకొండింటికి. బూట్లు మళ్ళీ కట్టుకో. అరగంట ఆడు, చూస్తాను."

పెద్ద జట్టు వెనక వరసలో ఆడేవాళ్ళంతా ఆమె కంటే ఏడెనిమిదేళ్ళు పెద్దవాళ్ళు. పక్కన నిలబడ్డ కెప్టెన్ గురించి గడియ పేపర్లలో చదివేది. ఆవిడ మోచేతి మీద పాత గాయం గుర్తు కూడా ఆమెకి ఫొటోల వల్ల తెలుసు. ఆట మొదలై పది నిమిషాలైంది. ఎదుటి ఫార్వర్డ్ రెండుసార్లు వరస వెనక్కి పోయింది. రెండుసార్లూ గడియకి ముందే కనిపించింది. రెండుసార్లూ అరవకుండా ఊరుకుంది. ఇంత పెద్దవాళ్ళని ఎలా అదిలించడం?

గీత బయటినుంచి మేడం గొంతు ఖంగుమంది. "నోరు ఇంట్లో పెట్టొచ్చావా?"

మూడోసారి బంతి మధ్యలో ఆగింది. దాని వెనకున్న అమ్మాయి తల ఎత్తింది. గడియ గుండెలనిండా గాలి పీల్చుకుంది.

"అక్కా, ముందుకు!"

కెప్టెన్ వెనక్కి తిరిగి చూడలేదు. ఒక్క అడుగు ముందుకు వేసింది. ఆవిడతోపాటే అటు చివర, ఇటు చివర ఉన్నవాళ్ళూ వేశారు. ఫార్వర్డ్ ఒక్కతే వెనక మిగిలిపోయి, జెండా చూసి చేతులు రెండూ నడుం మీద పెట్టుకుంది.

కెప్టెన్ బంతిని ఫ్రీకిక్కుకి నేల మీద పెడుతూ, గడియ వైపు చూడకుండానే అంది.

"ఇంకాస్త గట్టిగా అరువమ్మా. ఆ చివరిదానికి చెవులు కొంచెం మందం."